అప్‌డేట్: నాన్నకి సీఎంవీ (సైటోమెగాలోవైరస్) అనే తేలింది

పోయిన నెల అడిగాను కదా, నాన్నకి కిడ్నీ మార్చి ఐదు నెలలైంది, జ్వరం, విరేచనాలు తగ్గట్లేదు, సీఎంవీ యాంటీబాడీల రక్త పరీక్షలో ఐజీజీ పాజిటివ్, ఐజీఎం (కొత్తగా సోకితే కనిపించేది) నెగెటివ్ వచ్చింది, అంటే ఏంటని. ల్యాబ్‌ వాళ్లు పాత ఇన్ఫెక్షన్ అనేశారు, మేమూ నమ్మేశాం, అక్కడే పది రోజులు పోయాయి, తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడ.

నెఫ్రాలజీ డాక్టర్ గారు చూడగానే చెప్పారు, మన దగ్గర పెద్దవాళ్లలో చాలామందికి ఐజీజీ పాజిటివే ఉంటుంది, అది ఎప్పుడో సోకిందని మాత్రమే చెప్తుంది, ఇప్పుడు వైరస్ లేచిందో లేదో తెలియాలంటే రక్తంలో క్వాంటిటేటివ్ పీసీఆర్ (వైరస్ ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించాలి అని. చేయిస్తే లోడ్ బాగా ఎక్కువొచ్చింది. తెల్ల కణాలు కూడా పడిపోయాయి. సీఎంవీ రాకుండా ఇచ్చే వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు మూడు నెలలకి ఆపాక ఇలా రావడం మామూలేనట, ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగిందని, మార్చిన కిడ్నీని దెబ్బతీసే బీకే వైరస్ పీసీఆర్ కూడా చేశారు, అది నెగెటివ్, దేవుడి దయ.

రెండు వారాలు సీఎంవీ మందు గాన్‌సైక్లోవిర్ సెలైన్‌లో ఎక్కించారు, ఇప్పుడు మాత్రలు. వారం వారం పీసీఆర్, అదీ ఒకే ల్యాబ్‌లో, ల్యాబ్ మారితే అంకెలు పోల్చలేమన్నారు. కాన్యులా గుచ్చి గుచ్చి చెయ్యంతా నల్లబడింది పాపం. నిన్న మాత్రం ఆయనే అడిగి పెరుగన్నం తిన్నారు.