లైట్‌హౌస్ స్టాంపులు పోగేసేవాళ్లు ఉన్నారా? (నెల్లూరు, ప్రకాశం)

కావలి_నాన్న:
మా పాప ఏడో తరగతి. రామాయపట్నం లైట్‌హౌస్ చూసొచ్చినప్పటి నుంచి దానికి అదే ధ్యాస. ఇంటికొచ్చే కవర్ల మీది స్టాంపులు కత్తిరించి దాచే అలవాటు ముందే ఉంది. ఇప్పుడు లైట్‌హౌస్ బొమ్మ ఉన్నవే పోగేస్తానంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_మాస్టారు:
మంచి అంశం పట్టుకుంది పాప. మన దేశం స్టాంపుతోనే మొదలుపెట్టించండి. 1985లో మినికాయ్ లైట్‌హౌస్ మీద రూపాయి స్టాంపు వేశారు. లక్షద్వీప్‌లో 1885లో వెలిగిన ఆ దీపానికి నూరేళ్లు నిండిన సందర్భం అది. పెద్ద ధరేమీ ఉండదు.

తర్వాత అమెరికా 1990 సెట్ చూడండి, 25 సెంట్ల స్టాంపులు ఐదు. అందులో వెస్ట్ క్వాడీ హెడ్ లైట్‌హౌస్‌కి ఎర్ర, తెల్ల అడ్డపట్టీలు ఉంటాయి. కేప్ హాటెరస్‌కి నలుపు, తెలుపు పట్టీలు మెలితిరుగుతూ పైకి పోతాయి. పగలు ఓడలవాళ్లకు దీపం కనపడదు కాబట్టి రంగును బట్టే ఇది ఫలానా స్తంభం అని గుర్తుపడతారు. ఈ మాట పాపకు చెబితే ప్రతి స్టాంపునూ వేరే కళ్లతో చూస్తుంది. ఆ అమెరికా సెట్‌లో '25', 'USA' అనే తెల్ల అక్షరాలు పడకుండా అచ్చయినవి కొన్ని ఉన్నాయి. అవి మాత్రం ఖరీదైన సరుకు.

నాకు అన్నిటికన్నా ఇష్టం బ్రిటన్ 1998 సెట్. అందులో ఎడిస్టోన్ రాతి మీద 1698లో కట్టిన మొదటి దీపస్తంభం ఉంది. కట్టిన హెన్రీ విన్‌స్టాన్లీ 1703 తుపాను రాత్రి అందులోనే ఉన్నాడు. స్తంభమూ పోయింది, ఆయనా పోయాడు. తుపాన్లు ఎరిగిన మనకు ఆ స్టాంపు ఊరికే బొమ్మలా అనిపించదు.

అల్లూరు_అక్క:
అన్నా, కొనడం కన్నా కాపాడటం కష్టం. మనవైపు తేమకు, వాడని స్టాంపు వెనక జిగురు దానంతటదే పేజీకి అంటుకుంటుంది. ఆల్బమ్‌లు ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలంలో మార్చుతూ ఉండండి. వేళ్లతో ముట్టుకోనివ్వొద్దు, ట్వీజర్స్ కొనివ్వండి.

కవరు మీదివి గోరువెచ్చని నీళ్లలో తేలేస్తే కాసేపటికి కాగితం వదిలేస్తుంది. లాగకూడదు, జారిరావాలి. స్టిక్కర్‌లా అంటించే కొత్త రకం చాలావరకు నీళ్లకు రావు. వాటిని చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి అలాగే దాచడం మేలు.

గూడూరు_రాజా:
ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు జాగ్రత్త. ఒకతను అబ్‌ఖాజియా (జార్జియా నుంచి విడిపోయిన ప్రాంతం) పేరుతో లైట్‌హౌస్‌ల షీటు నాకు అంటగట్టాడు. చూడ్డానికి బ్రహ్మాండం, కానీ ఏ తపాలా శాఖా వేసింది కాదు. దేశాల తపాలా శాఖల సంఘం యూనివర్సల్ పోస్టల్ యూనియన్ వాళ్ల డబ్ల్యూఎన్ఎస్ అనే జాబితా ఇంటర్నెట్‌లో ఉంది, దేశాలు నమోదు చేసిన స్టాంపులు అందులో ఉంటాయి, 2002 నుంచి వచ్చిన స్టాంపులు అందులో వెతకొచ్చు. అన్ని దేశాలూ నమోదు చేయవు కాబట్టి, లేనంత మాత్రాన దొంగదని కాదు. అనుమానం వస్తే స్టాంపుల కేటలాగ్ కూడా చూడాలి.

చీరాల_సముద్రం:
కొన్నవాటితోనే ఆల్బమ్ నింపితే అది ఎవరి ఆల్బమైనా కావచ్చు. మన ఒడ్డున రామాయపట్నం, ఇసకపల్లి, కృష్ణపట్నం, మా ఓడరేవు, దుగరాజపట్నం దగ్గరి ఆర్మగాన్, ఇన్ని దీపాలున్నాయి. వెళ్లినచోటల్లా దగ్గరి పోస్టాఫీసులో మీ ఇంటి అడ్రస్‌కే ఒక కార్డు వేయండి. ముద్ర స్పష్టంగా కొట్టమని కౌంటర్ దగ్గర అడగండి. ఆర్మగాన్ కార్డు పక్కన, మద్రాసు కన్నా ముందే ఇంగ్లీషువాళ్లు అక్కడ వర్తక స్థావరం పెట్టారని పాప చేత్తోనే రాయించండి. నా లెక్కలో ఆ పేజీ విలువే ఎక్కువ.

కావలి_నాన్న:
ఆ కార్డుల సంగతి విని పాప ఎగిరి గంతేసింది. దీనికి స్కాలర్‌షిప్ కూడా ఉందంటున్నారు, నిజమేనా మాస్టారూ?

ఒంగోలు_మాస్టారు:
నిజమే. తపాలా శాఖ వాళ్ల దీన్ దయాళ్ స్పర్శ్ యోజన, ఆరు నుంచి తొమ్మిదో తరగతి వాళ్లకు, ఏడాదికి 6000 రూపాయలు. ముందటి పరీక్షలో 60 శాతం ఉండాలి. బడిలో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్ లేకపోతే పాప పేరుతో ఫిలాటెలీ డిపాజిట్ అకౌంట్ ఉన్నా చాలు. హెడ్ పోస్టాఫీసుకెళ్లి 200 రూపాయలు కట్టి తెరవండి, కొత్త స్టాంపులు కూడా ఇంటికే వస్తాయి. క్విజ్ రాయాలి, స్టాంపులతో ప్రాజెక్టు చేయాలి. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో అకౌంట్ తెరిచేటప్పుడే అడిగి రండి.