పిల్లల వింత అలవాట్లు పోయిన జన్మ గుర్తులేనా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
నీళ్లంటే ప్రాణభయం, ఇంట్లో ఎవరూ ముట్టని తిండి మీద ఇష్టం, మట్టి తినడం. ఎవరూ నేర్పకుండానే పిల్లల్లో కనిపించే ఇట్లాంటి వాటిని మన వైపు పూర్వజన్మ వాసన, అంటే వెనకటి జన్మలో అంటిన సంస్కారం, అంటారు. ఆ మాట సరైందేనని నా వాదన. పాత తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో, దాన్ని రాసిన గౌతముడు చెప్పిందీ ఇదే. అప్పుడే పుట్టిన బిడ్డ పాలకోసం నోరు చాస్తుంది. ఆకలి తీర్చేది పాలేనని తెలుసుకునేందుకు ఈ జన్మలో దానికి వ్యవధే దొరకలేదు. అంటే ఆ అభ్యాసం వెనకటిదే.

పెన్న ఒడ్డు (కడప):
అన్నా, ప్రతివాది మాటను కూడా గౌతముడు అక్కడే పెట్టాడు. ఇనుము అయస్కాంతం దగ్గరికి పోతుంది కదా, దానికీ పూర్వాభ్యాసం ఉందా అని. ఆయన జవాబు: ఇనుము అయస్కాంతం వైపే కదులుతుంది, ఇంకోదాని వైపు కదలదు, ఆ నియమానికి కారణముంది, బిడ్డకూ ఉంటుంది. కారణముందని నేనూ ఒప్పుకుంటా. అది పోయిన జన్మేనని ఎట్లా తేలింది? 15 వారాల పిండం కడుపులోనే వేలు చీకడం స్కానింగులో కనిపిస్తుంది. తల్లి తిన్న వెల్లుల్లి వాసన ఉమ్మనీటిలోకి చేరుతుంది, తిండి ఇష్టాలు అక్కడి నుంచే మొదలవుతాయి. ఇంకోటి: దూడలన్నీ పుట్టీపుట్టగానే పొదుగే వెతుక్కుంటాయి. వెనక రకరకాల జన్మలెత్తిన జీవాలైతే అన్నిటికీ ఒకే అలవాటు ఎట్లా వచ్చింది?

కొండారెడ్డి బురుజు:
దానికి పతంజలి యోగసూత్రాల్లో నాలుగో పాదం ఎనిమిదో సూత్రంలో జవాబుంది. వాసనలు లెక్కలేనన్ని ఉన్నా, ఈ జన్మకు తగినవే బయటపడతాయి. దూడగా పుట్టినదానిలో పశుజన్మ వాసనలే లేస్తాయి.

పెన్న ఒడ్డు:
అట్లయితే పాలు తాగడం మీకు ఏ ఒక్క జన్మ ఆనవాలూ ఇవ్వదు. గౌతముడు సాధించాలనుకున్నది ఆత్మ నిత్యమని, ఫలానా బిడ్డ వెనక ఫలానా మనిషని కాదు. జీవులందరికీ ఉన్న అలవాటుతో ఒక మనిషిని ఎట్లా పట్టుకుంటారు?

గుత్తి కోట (అనంతపురం):
వాదం ఎటుపోయినా, ముందు ఒంట్లో కారణం చూడాల. మట్టి, బలపాలు, గోడ సున్నం తినే పిల్లలకు చాలాసార్లు ఇనుము తక్కువ ఉంటుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూపించాల. 2 నుంచి 5 ఏళ్ల పిల్లల్లో హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. అది సరిగ్గా ఉండి కూడా ఫెర్రిటిన్ 12 కంటే తక్కువుంటే నిల్వ అయిపోయిందని అర్థం. డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము మందు వాడితే ఆ యావ చాలామందిలో తగ్గిపోతుంది. పోయిన జన్మ వాసనలే అని ముద్దుచేసి వదిలేస్తే నులిపురుగులు పడతాయి, పాత రంగు పెచ్చులైతే సీసం ఒంట్లోకి పోతుంది. దీని మీద నాకు రాజీ లేదు.

నీళ్ల భయం కూడా అంతే. తలమీద నీళ్లు పోస్తేనే ఏడుస్తుందా, చెవి చూపించండి. హంద్రీ నదిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక చూసే పిల్ల, నిండుగా పారే కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) చూసి జడుసుకోవడం వింత కాదు.

కొండారెడ్డి బురుజు:
మరి అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయంలో మానసిక వైద్యుడు ఇయాన్ స్టీవెన్సన్ సేకరించిన పూర్వజన్మ దాఖలాలు? పూర్వజన్మ చెప్పిన 387 మంది పిల్లల్లో 141 మందికి ఏదో ఒక భయం ఉందని 1990లో రాశాడు. ఆ భయం చాలావరకు, పిల్లలు చెప్పిన వెనకటి మనిషి చనిపోయిన తీరుకు సరిపోయేది.

పెన్న ఒడ్డు:
ఆయన మొదలుపెట్టింది భయంతో కాదన్నా, పిల్లల మాటలతో. రెండు నుంచి నాలుగేళ్ల మధ్య చెప్పడం మొదలుపెట్టి, ఐదు నుంచి ఎనిమిదేళ్లకు మర్చిపోయేవాళ్లు. అలవాటు ఆ మాటలకు తోడుగా వచ్చిందే. పైగా అట్లాంటి దాఖలాల్లో చాలావాటిలో పరిశోధకులు వచ్చేసరికే బిడ్డ కుటుంబం, చనిపోయిన మనిషి కుటుంబం కలిసిపోయి ఉండేవి. కలిశాక ఎవరు ముందు ఏం చెప్పారో విడదీయలేం.

గుత్తి కోట:
అందుకే రాసిపెట్టుకునే పద్ధతి ముఖ్యం. బిడ్డ మాట అన్న రోజే, తేదీ, గంట వేసి, అన్నది అన్నట్టే రాయాల. "బావిలో పడ్డావా?" అని అడగొద్దు, "తర్వాత?" అని ఆగాల. లేకపోతే మన మాటే బిడ్డ నోట తిరిగొస్తుంది. కాగితం రెండు ప్రతులు, ఒకటి కవర్లో సీలేసి సంబంధం లేని మనిషి దగ్గర పెట్టాల. ఆ తర్వాతే బిడ్డ చెప్పిన ఊరు వెతకాల. తప్పిన మాటలు కూడా లెక్కపెట్టాల, జనం ఎక్కువగా ఎగ్గొట్టేది ఇక్కడే. అదే వీధిలో అదే వయసు పిల్లలు పదిమందిని చూసి, నలుగురికి అదే భయముంటే దాన్ని పక్కన పెట్టేయాల. హిప్నాటిజంతో తవ్వించడం మాత్రం వద్దు. ఆ స్థితిలో ఎదుటివాళ్లు ఆశించిన కథే మనసు అల్లుతుంది, పైగా అది నిజమైన జ్ఞాపకంలాగే తోస్తుంది.

కొండారెడ్డి బురుజు:
కవర్ సంగతి ఒప్పుకుంటున్నా. మట్టి తినడాన్ని నా జాబితాలోంచి తీసేస్తా. కానీ సీలేసిన కాగితంలో ఊరు, పేరు, చావు తీరు ముందే ఉండి, వాటికి భయం కూడా సరిపోతే, అప్పుడు కూడా చెవి నొప్పే అంటారా?

పెన్న ఒడ్డు:
అనను. ఆ కాగితం ముందు పెట్టండి, కూర్చుని ఒక్కో మాటా సరిచూద్దాం.