మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని జాతుల కుక్కల్ని నిషేధిస్తారట. మీ దగ్గర ఎలా ఆపారు?

కిట్టు_వైట్‌ఫీల్డ్:
మాది బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీ. వచ్చే జీబీఎమ్‌లో (జనరల్ బాడీ మీటింగ్, అంటే ఓనర్లందరి సమావేశంలో) ఒక తీర్మానం పెడుతున్నారు. రాట్‌వీలర్, పిట్‌బుల్, డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ "మరియు ఇలాంటి పెద్ద జాతులు" ఇకపై తేకూడదట, ఇప్పటికే ఉన్నవాళ్ళు మూడు నెలల్లో వేరే చోటికి పంపేయాలట. మా ఇంట్లో ఉన్నది రాట్‌వీలర్. ఆడది, పేరు చిట్టి. లిఫ్ట్‌లోకి ఎవరైనా వస్తే మూలకు జరిగి నా కాళ్ళ వెనక కూర్చుంటుంది. అసలు గొడవ ఎక్కడ మొదలైందో చెప్తే నవ్వుతారు. బీ బ్లాకులో డెలివరీ అబ్బాయి పిక్క పట్టుకున్నది ఒక బీగిల్, చిన్నపాటి కుక్క. లిస్టులో బీగిల్ లేదు! వాట్సాప్ గ్రూపులో నేను నోరు తెరిస్తే చాలు, అందరూ మీద పడుతున్నారు. ఏం చేయాలి?

శాస్త్రి_సర్జాపూర్‌రోడ్:
కిట్టు గారూ, ముందు కాగితాలు దగ్గర పెట్టుకోండి. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 ఫిబ్రవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మెజారిటీ ఓటుతో తీర్మానం చేసినా సరే, అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు. చిన్న కుక్కలైతే ఉంచుకోండి, పెద్దవి వద్దు అనకూడదు. లిఫ్ట్ వాడొద్దనకూడదు.

రెండోది, 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. మీ వాళ్ళ లిస్టుకు మూలం అదే అయ్యుంటుంది. రాట్‌వీలర్ అందులో ఉంది కానీ డాబర్‌మన్, జర్మన్ షెపర్డ్ లేవు. అవి మీ కమిటీ వాళ్ళు సొంతంగా కలిపినవి! ఆ లేఖను ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది, సంబంధించినవాళ్ళ మాట వినలేదని. అదే నెలలో ఢిల్లీ హైకోర్టు కూడా పక్కన పెట్టింది. అయితే పద్ధతి ప్రకారం అందరి అభిప్రాయాలూ తీసుకుని కొత్తగా తెచ్చుకునే వీలు ప్రభుత్వానికి ఉంది. కాబట్టి మీటింగులో "కోర్టు శాశ్వతంగా కొట్టేసింది" అనకండి. ఎవరో ఒకరు పట్టుకుంటారు, అక్కడితో మీ మిగతా మాటలూ పోతాయి.

పద్మ_మారతహళ్ళి:
చట్టాలన్నీ సరేనండీ. మా పాప నాలుగేళ్ళది. పార్కింగ్‌లో ఒక ల్యాబ్ (ల్యాబ్రడార్ కుక్క) ఆడుకుందామని మీదకు దూకితే కింద పడి గడ్డం చిట్లింది, కుట్లు పడ్డాయి. ఆ ఓనర్ "అది ఏమీ అనదు, ఫ్రెండ్లీ" అంటూనే ఉన్నాడు! లీష్ (కుక్కను పట్టుకునే తాడు) మాత్రం ఆయన మెడలో వేలాడుతోంది. మీరందరూ కుక్క మంచిదంటారు. మాకు టెన్షన్ కుక్క గురించి కాదు, ఓనర్ గురించి.

కిట్టు_వైట్‌ఫీల్డ్:
పద్మ గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మీ పాపను పడేసిన ల్యాబ్ కూడా మా వాళ్ళ లిస్టులో లేదు చూడండి. ఈ తీర్మానం పాసయినా ఆ ఓనర్ లీష్ అలాగే మెడలో వేసుకుని తిరుగుతాడు.

రవి_వేళచ్చేరి:
చెన్నై నుంచి. 2024 మేలో థౌజండ్ లైట్స్ దగ్గర కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వీలర్లు వాచ్‌మన్ కూతుర్ని, ఐదేళ్ళ పిల్లని, దారుణంగా కరిచాయి. ఓనర్‌ని అరెస్టు చేశారు. ఆ వారమంతా మా ఫ్లాట్స్‌లో పెద్ద కుక్క ఉన్నవాళ్ళ వైపు చూసే చూపే మారిపోయింది. మా అసోసియేషన్ కూడా లిస్టు రాయడానికి కూర్చుంది. మేం కుక్కలున్నవాళ్ళం వాదనకు దిగలేదు. ప్రతి కుక్కకూ లైసెన్సు కాపీ, రేబిస్ టీకా తేదీ, ఓనర్ ఫోను, డాక్టర్ పేరు ఒక ఫైల్లో పెట్టి ఆఫీసుకు ఇచ్చాం. లిస్టు కోరినవాళ్ళలో ఇద్దరి కుక్కలకు టీకా కార్డే లేదు, అవి పామెరేనియన్లు. ఆ తర్వాత లిస్టు మాట మళ్ళీ రాలేదు.

ఒక్క మాట: చెన్నై కార్పొరేషన్ నిబంధనలు వేరు, మీ కర్ణాటక తీర్పు పట్టుకుని ఇక్కడ వాదిస్తే నడవదు. ఎవరి ఊరివి వాళ్ళు చూసుకోవాలి.

అణువు:
జాతే స్వభావం అనేవాళ్ళకు 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించండి. 18,000కు పైగా కుక్కల ఓనర్లను అడిగి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చూశారు. ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే. నెదర్లాండ్స్ తన పిట్‌బుల్ నిషేధాన్ని 2008లో ఎత్తేసింది, ఇటలీ 2009లో జాతుల లిస్టు తీసేసి బాధ్యత ఓనర్ మీద పెట్టింది.

అయితే రాట్‌వీలర్ కరిస్తే పగ్ కరిచినట్టు ఉండదు, ఆ దవడ బలం వేరు. ఆ మాట మీరే ముందు ఒప్పుకుంటే మిగతాది వింటారు.

అద్దె_పక్షి:
అద్దెకు ఉన్నవాళ్ళ గోడు ఎవరికీ పట్టదు. తీర్మానం పాసవక ముందే హౌస్ ఓనర్ ఫోన్ చేసి "నాకెందుకమ్మా గొడవ, ఖాళీ చేసేయండి" అంటాడు. ఓటు ఓనర్లది, కుక్క మాది.

శాస్త్రి_సర్జాపూర్‌రోడ్:
అద్దె పక్షి గారూ, కేరళ హైకోర్టు 2021లో పెంపుడు జంతువులు వద్దనే అసోసియేషన్ నిబంధనలు చెల్లవని చెప్పింది. మన రాష్ట్రాన్ని అది కట్టిపడేయదు కానీ ఈమెయిల్లో జతచేస్తే మీ ఓనర్ కాస్త ఆగి ఆలోచిస్తాడు. ఇంకోటి, నోటీసుకు భయపడి ఎవరైనా కుక్కను రోడ్డున వదిలేస్తే అది 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో సెక్షన్ 11 కిందకు వస్తుంది. మూడు నెలల గడువు పెట్టేవాళ్ళకు ఇది గట్టిగా చెప్పండి.

సుజాత_హెచ్‌ఎస్‌ఆర్:
నేను మా కమిటీలో సెక్రటరీని, కుక్క లేదు, కుక్కలంటే ఇష్టమూ లేదు. జాతుల లిస్టు అమలు చేయడం మా వల్ల కాదని చెప్పి దించేశాను. సగం కుక్కలు మిక్స్. ఏది ఏ జాతో గేటు దగ్గర ఎవరు తేలుస్తారు, సెక్యూరిటీ గార్డా?

బదులుగా ఇలా పెట్టాం. కామన్ ఏరియాలో లీష్ తప్పనిసరి, అదీ పెద్దవాళ్ళ చేతిలో. పదేళ్ళ పిల్లల చేతికి నలభై కిలోల కుక్కను ఇచ్చి పంపొద్దు. లిఫ్ట్‌లో ఎవరైనా భయపడితే తర్వాతి లిఫ్ట్‌కి ఆగాలి. టీకా కార్డు ఏడాదికోసారి ఆఫీసులో చూపించాలి. కుక్క కరిస్తే, ఏ జాతైనా సరే, ఓనర్ వైద్యం ఖర్చు భరించాలి, అప్పటినుంచి ఆ కుక్క బయటకొస్తే మూతికి కరవకుండా బుట్ట (మజిల్) ఉండాలి. నిర్లక్ష్యం మరీ మితిమీరితే పోలీసు కేసు ఎలాగూ ఉంది, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291, ఆరు నెలల వరకు జైలు. మొదటి నోటీసు ఒక షిట్జు, అంటే బుల్లి కుక్క, ఓనర్‌కి వెళ్ళింది. ఆయనకు ఇప్పటికీ నా మీద కోపమే.

పద్మ_మారతహళ్ళి:
ఇదైతే నేను ఓటు వేస్తాను. కిట్టు గారూ, మీ మీటింగులో లిస్టును వ్యతిరేకించడంతో ఆపకండి, ఇది మీరే ప్రతిపాదించండి. పెద్ద కుక్క ఉన్న మనిషే లీష్ రూలు అడిగితే మాలాంటి వాళ్ళకు కాస్త నమ్మకం వస్తుంది.

కిట్టు_వైట్‌ఫీల్డ్:
అలాగే చేస్తాను. సుజాత గారూ, ఆ పాలసీ కాపీ పంపగలరా? ఫ్లాట్ నంబర్లు తీసేసి.

సుజాత_హెచ్‌ఎస్‌ఆర్:
మెసేజ్ చేశాను, చూడండి. హిందీలో కూడా ఒక పేజీ పెట్టండి. మా గార్డులు చాలామంది ఒడిశా, అస్సాం వాళ్ళు. ఇంగ్లీషులో పెట్టినన్నాళ్ళూ గేటు దగ్గర ఎవరూ చదవలేదు.