సెర్బియాలోని కోవాచిత్స గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. బెల్‌గ్రేడ్‌కు దగ్గర్లో, వొయివొదీనా ప్రాంతంలో కోవాచిత్స అనే చిన్న మున్సిపాలిటీ ఉంది. అంతా వ్యవసాయమే. 2011 జనాభా లెక్కల్లో పాతిక వేల పైచిలుకు మంది. కోవాచిత్స, పాడినా ఊళ్ళలో ఎక్కువమంది స్లోవాక్‌లు, దెబెల్యాచాలో హంగేరియన్లు, ఉజ్దిన్‌లో రొమేనియన్లు, ఇద్వోర్‌లో సెర్బులు. టెలిఫోన్ మాట చాలా దూరం వినపడేలా కాయిల్స్ కనిపెట్టిన మిహాయ్లో పూపిన్ ఆ ఇద్వోర్‌లోనే పుట్టాడు.

నన్ను అక్కడికి లాగింది మాత్రం బొమ్మలు. మార్టిన్ యోనాష్ అనే రైతు గీసిన మనుషులకు తల చిన్నది, చేతులూ పాదాలూ ఇంతింత పెద్దవి. పని చేసేవి అవేగా! ఆ బొమ్మలు చూసినప్పటి నుంచి ఆ జనం గురించి తెలుసుకోవాలని ఒకటే తపన.

అక్కడ సెర్బియన్, స్లోవాక్, హంగేరియన్, రొమేనియన్ నాలుగూ అధికార భాషలే. నా సందేహం ఇక్కడే. మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళిన హంగేరియన్ రైతు నిజంగా తన భాషలో పని చేయించుకోగలడా, లేక కాగితం వరకేనా? సంతలో, పెళ్ళిళ్ళలో అందరూ ఏ భాషలో మాట్లాడుకుంటారు? వేరే భాషవాళ్ళతో వియ్యం అందుకుంటే పిల్లల్ని ఏ మీడియంలో వేస్తారు?

చదివి చెప్పేవాళ్ళకంటే అక్కడ ఉన్నవాళ్ళో, వెళ్ళొచ్చినవాళ్ళో చెబితే నాకు ఎక్కువ మేలు. ఎవరి ఇంటికైనా వెళ్ళి మాట్లాడాలంటే ముందుగా ఎవరిని అడగాలో కూడా చెప్పండి, ప్లీజ్.