సెన్సర్ 0 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది, పాడైందా?

ప్రశ్న:
అలాస్కా ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. మా సైటులో నేలలోకి 10, 40, 80 సెంటీమీటర్ల లోతున థర్మిస్టర్లు (ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు) దించాం, వాటికి తగిలించిన లాగర్ అనే రికార్డింగ్ పెట్టె గంటకోసారి రీడింగ్ రాసుకుంటుంది. 40 దగ్గరున్నది అక్టోబర్ నుంచి 0 దగ్గరే ఉంది, నాలుగు వారాలైంది, బయట చూస్తే మైనస్ 18. తవ్వి మారుద్దామంటే నేల కదిలిపోయి పాత డేటాతో పోలికే ఉండదు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

జవాబు 1:
తవ్వకు తమ్ముడూ! దీన్ని జీరో కర్టెన్ అంటారు. వేసవిలో కరిగిన పైపొర ఇప్పుడు గడ్డకడుతోంది. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ చల్లబడాలంటే 1 కేలరీ వేడి పోతే చాలు, అదే 0 దగ్గర గడ్డకట్టాలంటే 80 కేలరీలు పోవాలి, మనం స్కూల్లో చదివిన గుప్తోష్ణమే. పైన మంచు దుప్పటిలా కప్పేసి ఉంటుంది కాబట్టి ఆ వేడి త్వరగా బయటికి పోదు. నేల బాగా తడిగా ఉంటే నెలలు కూడా పడుతుంది. సెన్సర్ పాడైతే అంకెలు అడ్డదిడ్డంగా ఎగిరిపడతాయి, ఇంత నిలకడగా ఉండవు.

జవాబు 2:
పాడైన ప్రతి సెన్సరూ ఎగిరిపడదు, కొన్ని మెల్లగా పక్కకి జరుగుతాయి, అవే ప్రమాదం. గడ్డకడుతున్న నీరు 0 దగ్గరే ఉంటుంది కాబట్టి, ఈ నాలుగు వారాలూ అది 0 బదులు 0.2 చూపిస్తుంటే ఆ తేడా సెన్సర్ తప్పే, రాసిపెట్టుకోండి. బంకమట్టి, ఉప్పు నేలల్లో మాత్రం నీరు 0 కంటే కిందే గడ్డకడుతుంది, అక్కడ ఈ లెక్క పనిచేయదు. 2007 నుంచి 2016 మధ్య ప్రపంచవ్యాప్తంగా పెర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) సగటున వేడెక్కింది 0.29 డిగ్రీలే, అందుకే 0.2 తప్పు అంటే చిన్నది కాదు.

జవాబు 3:
ఇంత తిప్పలు పైపొరలోనే. 10, 20 మీటర్ల బోర్లు వేసేది అందుకే, అంత లోతుకి చలికాలం, ఎండాకాలం తేడా దాదాపు చేరదు, ఏళ్ల తరబడి వచ్చే మార్పే కనిపిస్తుంది. సైబీరియాలోని యాకుట్స్క్‌లో షెర్గిన్ అనే వర్తకుడు నీళ్ల కోసం 1828 నుంచి 1837 దాకా బావి తవ్వించాడు, 116 మీటర్లు పోయినా గడ్డకట్టిన నేలే! 1840ల్లో మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త అందులో లోతుల వారీగా ఉష్ణోగ్రతలు కొలిచాడు. నాకైతే ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన బావి అది.

ప్రశ్న అడిగినవారు (డిసెంబర్):
అన్నా, తవ్వలేదు. నెలంతా 0.03 దగ్గరే నిలబడింది, నిన్నటి నుంచి దిగుతోంది, ఇవాళ పొద్దున మైనస్ 0.4.