థాయ్‌లాండ్‌లో కాపురం: మనోళ్ళు ఏం చేసి నాలుక కరుచుకుంటారు?

పెన్నొడ్డు:
మాది అనంతపురం పక్కన పల్లె. కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. వచ్చే నెల నుంచి రెండేండ్లు రయోంగ్‌లో పని. నేనూ, నా భార్యా, నాలుగేండ్ల పాప పోతున్నాం. వీసా సంగతి కంపెనీ చూసుకుంటుంది. ఇరుగుపొరుగుతో ఎట్లా మెలగాల్నో అదే తెలీడంలే. యూట్యూబ్‌లో చూస్తే 'నవ్వండి, నమస్కారం పెట్టండి' అంటారు, అంతే. అక్కడ ఉండొచ్చినోళ్ళు మీరు చేసిన తప్పులు చెప్పండి. మా ఆవిడ ఇంకోటి అడగమంది: అన్నం చేత్తో తింటే ఏమన్నా అనుకుంటారా?

గడపకాడ:
తమ్ముడూ, మాది కడప. శ్రీరాచాలో ఆరేండ్లు ఉండి వచ్చినా. తప్పులే కావాలంటే నా దగ్గర శానా ఉన్నాయి.

పోయిన రెండో వారం. ఇంటి ఓనరమ్మ మనవడు, రెండేండ్లోడు, గేటుకాడ ఆడుకుంటా ఉన్నాడు. ముద్దొచ్చి, రెండు చేతులూ వాని తల మీద నుంచి దిగదీసి, నా కణతలకు ఆనించి పటపటా మెటికలు ఇరిచినా. మా జేజి నాకు తీసినట్టే. ఓనరమ్మ నవ్వింది. నవ్వుతానే పిల్లోన్ని ఎత్తుకొని లోపలికి పోయింది. మూడు దినాలకు చూస్తే వాని మణికట్టుకు తెల్లదారం. మనిషి తలలో 'ఖ్వాన్' అని ఒకటి ఉంటుందని వాళ్ళ నమ్మకం. జడుసుకుంటే అది ఒళ్ళు ఇడిచిపోతుందంట, దాన్ని పిలిచి దారం కడతారు. మనం తాయెత్తు కట్టినట్టే అనుకో. ఆ దారం నా మెటికలకేనా, ఇంకెందుకోనా, అడిగే ధైర్యం చెయ్యలా. కొత్తోళ్ళు పిల్లల తల మీద చెయ్యి పెట్టగూడదు, అది మాత్రం తెలిసొచ్చింది.

కాళ్ళ సంగతి మనకు సగం తెలిసిందే. చెప్పులు బయట ఇడుస్తాం, మనిషిని దాటిపోము. గుళ్ళో మాత్రం బుద్ధుని దిక్కు పాదాలు పెట్టగూడదు, పక్కకు మడిచి కూచోవాల. ఇంట్లో మనం కాలి బొటనవేలితో ఫ్యాన్ స్విచ్ ఆపుతాం చూడు, ఎవురన్నా ఉన్నప్పుడు ఆ పని చేయాకు.

అన్నం: కుడిచేత స్పూను, ఎడమచేత ఫోర్కు. ఫోర్కుతో అన్నం స్పూనులోకి తోసుకోవాల, ఫోర్కు మాత్రం నోట్లోకి పోదు. పుల్లలు నూడుల్స్‌కే. ఈశాన్, అంటే ఈశాన్య థాయ్‌లాండ్ ప్రాంతమోళ్ళు జిగురన్నం వెదురుబుట్టలో పెట్టుకొని, చేత్తో ముద్ద చేసి నంజుకుంటారు. సంగటి తినేటోళ్ళకు అది నేర్పే పనిలే. మీ ఇంట్లో మీరు చేత్తోనే తినండి, ఎవరొద్దంటారు. ఎదురుపడితే వాళ్ళు అడిగేదే 'కిన్ ఖావ్ రూ యాంగ్', అన్నం తింటివా అని. మొదటిసారి అర్థమైనప్పుడు నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి.

అన్నిటికంటే పెద్ద తంటా మన గొంతు. ఎర్రకారం ఎట్లా నూరాల్నో మా అమ్మను ఫోన్‌లో అడుగుతా ఉంటే, పక్కింటాయన వచ్చి మా ఆయన్ను 'గొడవా?' అని అడిగినాడు. నువ్వు సూపర్‌వైజర్‌వి గదా, పదిమందిలో ఎవర్నీ గట్టిగా అరవాకు. ఎదురు మాట్లాడరు, మనసులో పెట్టుకుంటారు. తప్పుంటే పక్కకు పిలిచి మెల్లగా చెప్పు.

బురుజుపక్క:
కర్నూలు నుంచి. అక్క చెప్పినవాటిలో తప్పు చేస్తే నవ్వి వదిలేస్తారు, ఇది మాత్రం వదలరు. రాజు, రాణి, యువరాజు మీద ఒక్క మాట జారొద్దు. సెక్షన్ 112 కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏండ్ల జైలు, పరాయి దేశస్థులకూ అదే చట్టం. వాట్సాప్‌లో వచ్చిన జోకు పంపినా ముప్పే. నోటు గాలికి ఎగిరిపోతే కాలితో తొక్కి పట్టొద్దు, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. పొద్దున 8కి, సాయంత్రం 6కి జాతీయగీతం వినపడితే ఎక్కడున్నోళ్ళు అక్కడే నిలబడాల. మీ ఆవిడ భిక్షువులను తాకకూడదు, చేతికి ఏదీ నేరుగా అందించకూడదు.

పెన్నొడ్డు:
శానా సంతోషం అక్కా, అన్నా. నమస్కారం ఎవరు ముందు పెట్టాల? అంగట్లో పిల్లకు కూడా పెట్టాల్నా?

గడపకాడ:
దాన్ని 'వాయ్' అంటారు. చిన్నోళ్ళు ముందు పెట్టాల, పెద్దోళ్ళు తిరిగి పెడతారు. భిక్షువులు ఎవరికీ తిరిగి పెట్టరు. అంగట్లో పిల్లకు తల ఊపి నవ్వితే సాలు. నేను మొదట్లో వంగి వంగి పెడతాంటే పాపం ఆ పిల్ల సిగ్గుతో సచ్చేది.

ఇంకోటి. మాట చివర మొగోళ్ళు 'ఖ్రప్', ఆడోళ్ళు 'ఖా' అనాల, అది మర్యాద. మా ఆయన నన్ను చూసి నేర్చుకొని ఫ్యాక్టరీలో మేనేజర్ కాడ్నించి వాచ్‌మన్ దాకా అందరితో 'ఖా' అన్నాడు. రెండు నెలలు. ఒక్కరన్నా చెప్పలా. అందరూ నవ్వినారు, ఆయప్ప తనంటే వాళ్ళకు ఇష్టం అనుకున్యాడు.

పెన్నొడ్డు:
అయ్యో! పొద్దున్నించి 'ఖ్రప్' పలుకుతా ఉన్నా, నోరు తిరగడంలే.

గడపకాడ:
'ర' మింగేయ్. వాళ్ళూ 'ఖప్' అనే అంటారు.