సరస్సు తీరం వెంట కయాక్‌లో రోజుకు ఎంత దూరం?

ప్రశ్న: పెద్ద సరస్సు తీరం వెంట వారం రోజుల కయాక్ యాత్ర తలపెట్టాను. రోజుకు 40 కిలోమీటర్లు సాధ్యమేనా?

జవాబు 1: నిశ్చలమైన నీటిలో గంటకు 5 కిలోమీటర్ల వేగం సాధారణమే గాని, సామాను నింపిన పడవకు ఎదురుగాలి తగిలితే అది సగానికి పడిపోవచ్చు కనుక, 25 కిలోమీటర్లకు మించి లెక్క వేసుకోకండి. తెల్లవారుజామునే బయలుదేరితే మధ్యాహ్నపు గాలి లేవకముందే ఒడ్డు చేరవచ్చు.

జవాబు 2: నీటిపై గాలి అడ్డులేకుండా ఎంత దూరం వీస్తే అలలు అంతగా పెరుగుతాయి, అందువల్ల దూరం కలిసివస్తుందని అఖాతాన్ని అడ్డంగా దాటడం కంటే తీరం చుట్టి వెళ్లడమే నయం. (ఆ ఆశకు పోయి నేను గంటసేపు ఒకే చెట్టును చూస్తూ తెడ్డు వేశాను.) ఒడ్డు నుంచి సరస్సు లోపలికి వీచే గాలి మరీ మోసకారి, ఎందుకంటే దగ్గరి నీరు ప్రశాంతంగానే కనిపిస్తుంది.

ప్రశ్నించినవారు: అయితే 20 కిలోమీటర్లకే కుదించి, ఒక రోజు అదనంగా ఉంచుకుంటాను.